సిద్ధమ్మ తోమిన జపాను కూజా

రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చి కువైట్‌లోని ఫింటాస్‌లో ఒకే ఇంట్లో పద్నాలుగేళ్లు పనిచేసింది సిద్ధమ్మ. శుక్రవారం సెలవు దొరికితే అబ్బాసియాలో మా ఫ్లాటుకు వచ్చేది. ఆ ఇంటి సంగతులన్నీ నేను అడిగి అడిగి రాబట్టేదాన్ని. ఊళ్లో ఆమె మొగుడు గంగులయ్యకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు కడపకు కారులో తీసుకుపోయి రక్తం శుద్ధి చేయించాలి. అదంతా సిద్ధమ్మ జీతం మీదే నడిచేది.

కొన్నాళ్ల కిందట ఆ ఇంటి పెద్దాయన పోయాడు. ఆయన భార్య, పనివాళ్లు మామా అని పిలిచే ఆవిడ, దుఃఖం పాటిస్తూ గదిలోనే ఉండిపోయింది. ఆమె బయటికొచ్చేసరికి హాలు తళతళలాడాలని సిద్ధమ్మ అన్నీ తుడిచింది. అద్దాల బీరువాలో ఒక నల్ల కూజా ఉంది. పెద్దాయన జపానులో ఒక పనివాడి దగ్గర చేయించి తెచ్చుకున్నది. దాన్ని ఆయనే మెత్తటి గుడ్డతో తుడుచుకునేవాడు, ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

"రాగిదేలే, మసి పట్టింది అనుకుంటినక్కా. చింతపండు, ఉప్పు ఏసి తోమినా. ఎర్రగా తేలింది," అంది సిద్ధమ్మ.

"మామా ఏమనె?"

"కూజాను రెండు చేతుల్తో పట్టుకోని నేల మీద కూర్చుండిపాయ."

నాకు మనసు ఆగలేదు. ఆ ఇంటి డ్రైవరు, మన రాయచోటి వాడే, హుస్సేన్ పీరాను పిలిపించి అడిగాను.

"అది మసి కాదు పెద్దమ్మా. రాగిలో పిసరంత బంగారం కలిపి, మందునీళ్లలో ఉడికించి ఆ నలుపు తెప్పిస్తారంట. ఆ నలుపు కోసమే చేసేది."

"చేసినోడు బతికే ఉన్నాడు కదా? మళ్లీ ఉడికించమని రాయించు. కూర్చోని ఏడిస్తే వస్తాదా నలుపు?"

మామా కొడుకు రాశాడు. పంపండి, మళ్లీ నల్లగా చేసిస్తానని జవాబొచ్చింది. సిద్ధమ్మ ఆ రోజు మా ఇంట్లో కడుపునిండా తినింది. నెలాఖరుకు ఇఖామా, ఆ దేశంలో ఉండే అనుమతి, అయిపోతుంది, ఇక మామా దాని పొడిగింపుకు సంతకం పెడుతుందని ఇద్దరం అనుకున్నాం.

మరుసటి శుక్రవారం సిద్ధమ్మ రాలేదు. హుస్సేన్ పీరా వచ్చాడు.

"ఆ నలుపు మీద పెద్దాయన ఆఖరుసారి పట్టుకున్న వేళ్ల ముద్రలు పడి ఉండెనంట. మామా రోజూ రాత్రి అందరూ పడుకున్నాక వచ్చి బీరువా ముందు నిలబడి చూసుకునేదంట. పనివాడు నలుపు తెస్తాడు, నా మొగుడి చేతి గుర్తు ఎవడు తెస్తాడు అనింది. సిద్ధమ్మ పని ఖలాస్, అయిపోయింది అనేసింది."

"వేరే ఇంట్లోనైనా పని చేసుకునేట్టు రిలీజ్ కాగితం ఇవ్వమను."

"అడిగినా పెద్దమ్మా. తల అడ్డంగా ఊపింది."

సిద్ధమ్మ ఊరికి బయల్దేరేటప్పుడు మామా వాకిలి దాకా వచ్చిందట. సిద్ధమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చిందట. కాగితం మీద సంతకం మాత్రం పెట్టలేదు.

నిన్న సిద్ధమ్మకు ఫోను చేశాను. గంగులయ్యను ఇప్పుడు వారానికి ఒక్కసారే తీసుకుపోతున్నారు. కాళ్లు వాచాయట.