పడమటి గోడ

అనకాపల్లిలో మా ఆర్కిటెక్టు ఆఫీసు తెరిచిన కొత్తలో, ఒక బెల్లం వ్యాపారి దుకాణం కట్టించుకోవాలని వచ్చారు. ముందు గోడంతా అద్దమే కావాలన్నారు. ఆ స్థలమేమో పడమటి ముఖం. ఏసీ అక్కర్లేని భవనాలే కట్టాలని పట్టుబట్టి మొదలుపెట్టినదాన్ని, కుదరదన్నాను.

“ఊరంతా అద్దాలే ఎట్టిత్తన్నారు. మీకేటమ్మా అంత పంతం?” అన్నారాయన.

అప్పటికే ఆ పంతం వల్ల రెండు పనులు చేజారాయి. మూడోదీ పోతే పోనీ అనుకున్నాను. మర్నాడు ఒక బెల్లం దిమ్మ కొని తెచ్చి, మా ఆఫీసు పడమటి కిటికీ అద్దం వెనక ఎండలో పెట్టాను. నాలుగింటికి ఆయన్ని పిలిచేసరికి దిమ్మ మెత్తబడి, అడుగున పాకం కారుతోంది. ఆయన వేలితో నొక్కి చూశారు.

“సరుకు మాట అలాగుంచండి. రోజంతా ఆ కొట్లో కూకునేది నా కూతురమ్మా,” అన్నారు. “మీకు తోసినట్టే కట్టండి.”

అద్దం బదులు గాలి ఆడేలా సందులు వదిలిన ఇటుక గోడ కట్టి, దాని మీద వెడల్పాటి చూరు దించాం. వైశాఖంలో దుకాణం తెరిచారు. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఆ అమ్మాయి ఒక్క ఫ్యాను కింద కూర్చుని రసీదులు రాస్తోంది.

“గాలి బాగా వత్తంది మేడమ్,” అంది తలెత్తి.

ఇక ఎవరడిగినా పడమటికి అద్దం గోడ గీయనని అక్కడే నిశ్చయించుకున్నాను.