పంజమంటే కరువు

ఆ ఏళ్లలో బాగాయంలో ఎటు చూసినా కొత్త మేడలు లేస్తుండేవి. నేను గుడియాత్తం నుంచి రోజూ రెండు బస్సులు మారి, అక్కడి తమిళ బడిలో ఏడో తరగతికి సాంఘికం చెప్పేదాన్ని. ఆదివారమైనా విశ్రాంతి ఉండేది కాదు. చిత్తూరు వైపు నుంచి కట్టుబడి పనికి వచ్చిన ఆడవాళ్లను, వాళ్లు కడుతున్న మేడలోనే కూర్చోబెట్టి తమిళ అక్షరాలు నేర్పేదాన్ని. ఎందుకు ఒప్పుకున్నానా అని ప్రతి వారం అనుకునేదాన్ని.

వాళ్లలో ఒకామె కూతురు నా తరగతిలోనే చదివేది. తల్లికి బస్సు బోర్డులు చదవడం వచ్చేసింది. ఇంకేదైనా చదువుతానంటే, ఒక ఆదివారం కూతురి సాంఘిక పుస్తకం తెరిచి ముందు పెట్టాను. అక్షరం అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంది.

"పం... జం. పంజమంటే ఏందమ్మా?"

"కరువు," అన్నాను.

వేలు అక్కడే ఆగిపోయింది. నెమ్మదిగా అంది: "మా అవ్వ కరువులోనే ఈ పక్కకు నడిచొచ్చినాది. ఇద్దరాడబిడ్డలు. పెద్దది మా అమ్మ, నడస్తాది. చిన్నదాన్ని మోసే సత్తువ లేక దోవలో ఒకరింట్లో ఇడిసిపెట్టినాది."

పక్కనే ఉన్న కూతురు ఆ సంగతి వినడం అదే మొదలు. "మళ్లా పోయి చూడలేదా అమ్మా?"

"పోయినాది నాయనా. ఆ ఇంట్లో ఎవురూ లేరంట."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే అవ్వను తిట్టుకుంటావని."

ఆ పాఠం పరీక్షకు రాదని ఏటా రెండు వాక్యాలు చదివి దాటేసేదాన్ని. పిల్లలను బాధపెట్టడం ఎందుకని పైకి చెప్పుకున్నా, నిజానికి నాకు ఓపిక ఉండేది కాదు. మరునాడు తరగతిలో కూడా ఆ పేజీ తిప్పబోయాను. ఆ పిల్ల లేచి నిలబడి, అది చెప్పండి టీచర్ అని తమిళంలో అడిగింది.

చెప్పాను. ఎవరింటి సంగతీ ఎత్తకుండా, జనం ఊళ్లు ఎందుకు విడిచారో, దోవలో కన్నబిడ్డలను సైతం ఎలా వదులుకున్నారో చెప్పాను. బిడ్డను వదిలేసిన తల్లిది తప్పు కాదా అని ఒక పిల్ల అడిగింది. "మోసుంటే ముగ్గురూ చచ్చిపోయేవాళ్లు," అంది పాఠం చెప్పమన్న పిల్ల, తల వంచుకుని.

మేడ పూర్తయ్యాక వాళ్లు జోలార్పేటలో పనికి వెళ్లిపోయారు. పోయేముందు తల్లి బడికి వచ్చింది. "పాప దినామూ అవ్వను గురించి అడగతాది. తెలిసినంత చెప్తా ఉండాను," అంది. ఆమె మొహంలో అలసట. నాకూ అలసటే. ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం.