తొక్కిన మడి

కృత్రిమంగా వాన కురిపించి, మట్టి ఎంత నీరు పీల్చుకుంటుందో కొలవడం ఆమె ఉద్యోగం. పంపు నడిపేది ఆమె సొంత బాబాయే. ఆ రోజు నీరు ఇంకకుండా పైపైనే పారిపోయింది.

"ఇంత జోరుగా వదిలితే ఎలా బాబాయ్? ఒక్క పనీ సరిగ్గా చేయవా?" అని తోటి పనివాళ్లందరి ముందూ కసిరింది. ఆయన పంపు ఆపేశాడు.

తేమ కొలిచే కడ్డీ గుచ్చడానికి వంగితే, మట్టి మీద తన బూట్ల అచ్చులే కనిపించాయి. పొద్దున తొందరలో మడికి అడ్డంగా నడిచింది తనే. తొక్కిన చోటే నేల గట్టిపడింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"తప్పు నాది. మడి తొక్కింది నేనే," అంది అందరికీ వినపడేలా.

"పోనీలేమ్మా, మబ్బు మన చేతిలోనే ఉందిగా. పక్క మడిలో కురిపిద్దాం," అన్నాడు బాబాయి.

పక్క మడి నీరంతా తాగేసింది. సాయంత్రం దాకా ఆమె ఆయన ముఖంలోకి చూడలేకపోయింది.