మార్కరు గెలిచిన ఆట

అరవైల్లో మాట. మా ఊరి గనులు సర్కారు చేతికి వచ్చి కొన్నేళ్ళయింది. నేను ఆఫీసర్ల క్లబ్బులో బిలియర్డ్స్ మార్కరుని. మార్కరంటే బల్ల మీది పచ్చగుడ్డ దువ్వి, క్యూ అనే ఆట కర్రలు అందించి, పాయింట్లు పలికేవాడు. జోడీ దొరకని ఆఫీసరుతో ఆడవలసినవాడూ వాడే. ఆడి, ఓడవలసినవాడు. అదీ ఊరికే కాదు, చివరిదాకా గెలిచేలా కనిపించి ఓడాలి. తెల్లదొరల కాలంలో నేర్చిన పని. దొరలు పడవెక్కారు, గని మనదన్నారు, క్లబ్బు గోడల మీద ఫొటోలు మారాయి. ఈ ఆచారాన్ని మాత్రం ఎవరూ రద్దు చేయలేదు. సమానత్వమనే మాటను నేను ఆ క్లబ్బు పారేసిన పత్రికల్లోనే కూడబలుక్కుని చదివాను.

ఆ యేడు మా అక్క మొగుడు నాగప్ప బావకు దగ్గు పట్టుకుంది. పద్దెనిమిదేళ్ళు భూమి లోపల డ్రిల్లు పట్టిన మనిషి. డాక్టరు సిలికోసిస్ అని రాశాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకునే జబ్బు అది. ఇక లోపలికి దింపరాదు, పైపని ఇవ్వాలి అని కూడా రాశాడు. ఆ కాగితం ఒక ఆఫీసరు దగ్గర నాలుగు నెలలు కదల్లేదు. బావ రోజూ దిగుతూనే ఉన్నాడు.

ఆ ఆఫీసరు నాతో ఆడేవాడే. బెజవాడ వైపు మనిషి. ఒక సాయంత్రం ఆయన గెలిచి హుషారుగా ఉన్నప్పుడు బావ సంగతి చెప్పుకున్నాను.

"నువ్వు కావాలనే ఓడుతున్నావటగదయ్యా! మావాళ్ళు నన్ను చూసి నవ్వుతున్నారు," అన్నాడాయన. "శనివారం నిజంగా ఆడు. గెలిస్తే అక్కడే సంతకం పెడతా."

"ఓడిపోతే యెట్ల సార్?"

"ఆటన్నాక ఓటమి ఉండదా?"

ఇంట్లో చెబితే బావ దగ్గుతూనే నవ్వాడు. "కర్రతో గుండ్లు తోసేది గూడా ఒక పనేనా అంటా ఉంటిని గదప్పా. ఇప్పుడు చూడు, నా ఊపిరి ఆ గుండ్ల మింద ఉండాది."

"డాక్టరు రాసిచ్చినాడు గదా బావా! మళ్ళా పందెమేంది?"

అక్క కసిరింది. "నీ న్యాయం యాడన్నా పెట్టుకో. ముందు గెలిచి రారా."

శనివారం బల్ల చుట్టూ ఆఫీసర్లు మూగారు. నూరు పాయింట్ల ఆట. ఏళ్ళ తరబడి ఓడిన చేతికి గెలవడం గుర్తులేదు. సులువైన బంతులు కూడా అలవాటు కొద్దీ, బంతులు పడే బల్ల జేబు అంచుకు తగిలి వెనక్కి వచ్చాయి. "మళ్ళీ మొదలెట్టాడు నాటకం" అన్నారెవరో. నాటకం కాదని ఎవరికి చెప్పను? ఆయనకు తొంభై నాలుగు, నాకు తొంభై ఏడు. ఎర్రబంతిని మూల జేబులో వేస్తే మూడు. కొట్టాను. బంతి అంచు మీద ఆగినట్టే ఆగి, పడింది.

ఆఫీసరు మాట తప్పలేదు. అందరి ముందు సంతకం పెట్టి, నా చెయ్యి పట్టి ఊపాడు. ఎంత స్పోర్టివ్ మనిషో అని అందరూ ఆయన్నే మెచ్చుకున్నారు. సోమవారం నుంచి బావకు పైన ల్యాంపురూములో దీపాలు తుడిచే పని. నన్ను మాత్రం ఆ బల్ల మీద మళ్ళీ ఎవరూ ఆటకు పిలవలేదు. గెలిచే మార్కరుతో ఎవరికి సరదా?

వారం తిరక్కముందే ముగ్గురు డ్రిల్లర్లు మా వాకిట్లో నిలబడ్డారు. ముగ్గురి చేతుల్లోనూ బావకు ఇచ్చినటువంటి డాక్టరు కాగితాలే. వాళ్ళలో పెద్దవాడు మునెప్ప దగ్గు ఆపుకుని అన్నాడు: "మాకూ తలా ఒక ఆట ఆడిపెట్టు సామీ. నీ చెయ్యి మంచిదంట."

నన్నిక ఆడనివ్వరని చెప్పి పంపాను. వాళ్ళు నమ్మలేదు. సొంతవాళ్ళకైతేనే ఆడతాడని అనుకుంటూ వెళ్ళారు. వాళ్ళను తప్పు పట్టను. కాగితం చూసి ఇవ్వవలసినదాన్ని ఆట చూసి ఇచ్చారు, నేను గెలిచి ఆ పద్ధతి సరేనని ఒప్పుకున్నాను. హక్కును పందెంలో పెట్టినవాడితో ఆడి గెలిస్తే, ఆ గెలుపు మన ఒక్క ఇంటికే చాలుతుంది.