రేగుచెట్టు మీది తీగ

పోయిన వారం మస్కట్‌లోని రువీలో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. మూడు రోజులుగా అన్నం తిననివ్వని పన్ను, ఆయన గది బయట బెంచీ మీద కూర్చోగానే నొప్పి మానేసింది. లోపలికి పిలిచేసరికి ఏ పన్నో చూపించడానికి తడుముకున్నాను. డాక్టరు నవ్వి, "నా బెంచీ నాకన్నా మంచి వైద్యుడు" అన్నాడు, అని పన్ను పీకేశాడు. దవడలో దూది కరిచిపట్టుకుని రూముకు నడిచి వస్తుంటే బహ్లాలో మాతో ఉన్న పెద్దాయన గుర్తొచ్చాడు. ఆయన ఆ బెంచీ మీద కూర్చుని ఉంటే డాక్టరుతో వాదన పెట్టుకునేవాడు.

డిప్లొమా చేతికొచ్చిన ఏడాదికే నేను ఒమాన్ వచ్చాను. మా కంపెనీకి బహ్లాలో ఒక బడి కట్టే పని దొరికింది. నేను సైట్ సూపర్‌వైజర్ని. కొలతలు, లెవెళ్లు, సిమెంటు పాళ్లు నా బాధ్యత. పెద్దాయన గుంటూరు వైపు క్రైస్తవుడు, సెంట్రింగ్ వడ్రంగి. వయసులో మా నాన్నకంటే రెండు మూడేళ్లు పెద్ద. ఆ చుట్టుపక్కల చర్చి అన్న మాటే లేదు కాబట్టి, సెలవురోజైన శుక్రవారమే ఆయనకు ఆదివారం. తువ్వాలులో చుట్టి దాచుకున్న బైబిలు తీసి, కళ్లజోడు చెవులకు దారంతో కట్టుకుని, ముక్కుతో పాట పాడేవాడు. ఆ పాటకు మా రూమ్‌లో అందరికీ మెలకువ వచ్చేది. ఎవరమూ ఏమీ అనేవాళ్లం కాదు, ఎందుకంటే పాట అయ్యాక టీ పెట్టేది ఆయనే.

అదే రూమ్‌లో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు ఉండేవాడు. ఊచలు కట్టే పని. నేను తమ్ముడూ అనేవాణ్ణి, అతను నన్ను సారూ అనేవాడు. ఒకసారి మస్కట్ నుంచి రావలసిన లారీ రాలేదు, కట్టుతీగ అయిపోయింది. పిల్లర్లు సగంలో నిలిచాయి. సైట్ అంచున ఒక ముసలి రేగుచెట్టు ఉంది. దాని మొదలుకు ఎవరు ఎప్పుడు చుట్టారో తెలియని ఇనుపతీగ ఉంది. మావాడు కటింగ్ ప్లేయరు తీసుకెళ్లి బారెడు తీగ కత్తిరించుకొచ్చి ఊచలకు బిగించేశాడు. తీగ కనిపిస్తే ఊచ కట్టాలనిపించడం ఆ పనివాళ్ల చేతుల గుణం. నేనూ చూసి, ముడి గట్టిగా పడిందా లేదా అన్నదే పట్టించుకున్నాను.

మధ్యాహ్నం బహ్లా బజారులో కుట్టుపని చేసే హైదరాబాదు దర్జీ భాయ్ ఒకాయన మా సైటుకు వచ్చి ఆ సంగతి విన్నాడు. బహ్లాలో జిన్నుల కథలు టీ నీళ్లంత మామూలు. ఆ చెట్టు మీద జిన్ను ఉందని, అది కదలకుండా తీగతో కట్టేశారని అక్కడివాళ్లు చెప్పుకుంటారట. "కైకు హాత్ లగాయా మియా? ఉస్ ఝాడ్ పే జిన్ హై!" అన్నాడు భాయ్, దాన్నెందుకు ముట్టుకున్నావంటూ రెండు చెంపలూ వాయించుకుంటూ. ఆయన భయపెట్టాలని అనలేదు, నిజంగానే జాలిపడ్డాడు. ఆ జాలే మావాణ్ణి పట్టుకుంది.

మర్నాడు తమ్ముడి కుడిచెయ్యి లేవలేదు. భుజం నుంచి వేలి కొసల దాకా తడిసిన గోనెసంచిలా వేలాడింది. దొంగవేషం అనుకున్నాను. అతను చూడకుండా ఉన్నప్పుడు సూదితో గుచ్చితే ఉలిక్కిపడలేదు. అప్పుడు నాకు భయం వేసింది. మేనేజరు వచ్చి చూసి, రెండు వారాల్లో చెయ్యి రాకపోతే ఇంటికి పంపేస్తానని చెప్పి వెళ్లాడు. ఊచలు కట్టేవాడికి చెయ్యే కదా ఉద్యోగం. ఇంటికి పోయినా ఆ చెయ్యి ఉండదు.

దగ్గరి పట్నం నిజ్వాలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరు మన దేశంవాడే. సుత్తితో మోచేయి తట్టి చూసి, నన్ను పక్కకు పిలిచి చెప్పాడు: నరం బాగుంది, కండ బాగుంది, అతను నటించడమూ లేదు. చెయ్యి పోయిందని మనసు నమ్మితే చెయ్యి దాని మాట వింటుంది. మళ్లీ వచ్చిందని నమ్మితే వస్తుంది. అంటూ ఎర్ర గోలీలు ఇచ్చాడు. వట్టి విటమిన్లే, కానీ చాలా బలమైన మందని చెప్పమన్నాడు. చెప్పాను. దారి పొడుగునా మెదడు, వెన్ను, నరం, కండ, ఈ నాలుగింటి సంబంధం వరుసగా వివరించాను కూడా. తమ్ముడు బుద్ధిగా విని, "అంత సమజైంది సారూ. మరి గోలీకి జిన్ను భయపడ్తదా?" అన్నాడు. గోలీలు అయిపోయాయి. చెయ్యి అలాగే ఉంది.

తోటివాడు ముద్దలు కలిపి పెడుతుంటే తమ్ముడు గోడవైపు తిరిగి తినేవాడు. అది చూడలేక కాబోలు, ఒక పొద్దున పెద్దాయన సైట్‌లో అతని ముందు నిలబడి, "ఏదిరా ఆ తీగ? చూపించు" అన్నాడు. ఇంకా కాంక్రీటు పోయని పిల్లరు అది. ముడి విప్పి, ఆ తుప్పు తీగను తన కుడి మణికట్టుకు చుట్టుకున్నాడు. తమ్ముడు ఎడమచేత్తో ఆయన భుజం పట్టుకుని, "వద్దు పెద్దయ్యా, నీకు దండం పెడ్త!" అని ఏడ్చాడు.

"నీ చెయ్యి వదిలేసి ఇప్పుడు నా చెయ్యి పట్టుకోవాల అది. నా వెనకాల మా యేసయ్య ఉన్నాడు. ముందు ఆయన్ని అడిగి రమ్మను" అన్నాడు పెద్దాయన.

"ధనుర్వాతం వస్తుంది బాబాయ్, అది తుప్పు" అన్నాను నేను.

"నీ జిన్ను అదా?" అని నవ్వాడు. నా పోరు పడలేక తీగ కింద గుడ్డ చుట్టుకోవడానికి మాత్రం ఒప్పుకున్నాడు.

ఆ చేత్తోనే ఆయన సుత్తి కొట్టాడు, పలకలు మోశాడు, పరంజా ఎక్కాడు. దర్జీ భాయ్ పనిగట్టుకుని వచ్చి చూసి పోయేవాడు. తమ్ముడు సిమెంటు బస్తాల మీద కూర్చుని ఆయన చేతినే చూస్తూ ఉండేవాడు. మేనేజరు చెప్పిన గడువు ముంచుకొస్తోంది. నాకైతే తిండి సయించలేదు. తమ్ముడి చెయ్యి రాదన్న దిగులు సగం, పెద్దాయన చెయ్యి కూడా పడిపోతుందేమోనన్న దిగులు సగం. జిన్ను మీద నమ్మకం లేని నాకు రెండో దిగులు ఎందుకు వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

శుక్రవారం పెద్దాయన ఎండుచేపల పులుసు పెట్టాడు. సుమాయిల్ నుంచి వచ్చిన డ్రైవరెవరో చింతపండు తెచ్చిచ్చాడు. రూమంతా ఆ వాసన. పళ్లెం చుట్టూ కూర్చున్నాం. ఎవరో డ్రైవరు మీద జోకు వేస్తే తమ్ముడు పగలబడి నవ్వుతూ ముందుకు వంగి చేపముక్క అందుకున్నాడు. కుడిచేత్తో. నాకు అరవాలనిపించింది. పెద్దాయన కళ్లతోనే నన్ను ఆపాడు. అందరం తలలు దించుకుని తింటూనే ఉన్నాం. ముల్లు తీసి, ముక్క నోట్లో వేసుకుని, వేళ్లు నాకుతుండగా తమ్ముడికి తెలిసింది. వేళ్లను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అరే! ఉన్నదే!" అన్నాడు, పోయిన గొర్రె దొడ్లో కనిపించినట్టు.

ఆ తరవాతి నవ్వు, కేకలు, ఒకరినొకరు కొట్టుకోవడం చెప్పడం నా వల్ల కాదు. గుండె మీంచి సిమెంటు బస్తా దింపినట్టయింది. మేనేజరు వచ్చినప్పుడు తమ్ముడు పిల్లరు మీద ఉన్నాడు.

ఆ వారమే నేనూ పెద్దాయనా సామానుకోసం పికప్‌లో నిజ్వా వెళ్లాం. దారిలో డాక్టరు చెప్పినదంతా చెప్పి, "చూశారా, అంతా నమ్మకం బలమే" అన్నాను.

"మా వాళ్లలోనూ అట్లా అనేవాళ్లున్నారు, గట్టిగా నమ్ము, జరిగిపోద్దని. నాకు తెలిసింది పరంజా. చెక్క పుచ్చిందయితే ఎంత నమ్మి కాలు పెట్టినా కింద పడతావు. చెక్క మంచిదయితే వణుక్కుంటా ఎక్కినా మోస్తది. బలం నాలో లేదబ్బాయ్, చెక్కలో ఉంది."

"వాడు మీ దేవుణ్ణి నమ్మలేదు కదా బాబాయ్. మీ చేతిని నమ్మాడు."

"పోనీలే. ఆయనకేం కోపం రాదు."

"మీకు భయం వెయ్యలేదా?"

"ఎందుకెయ్యలా? పొద్దున్నే లేచి ముందు వేళ్లు కదిలించి చూసుకునేవాణ్ణి. ఆ తర్వాతే ప్రార్థన."

నమ్మకం శరీరాన్ని ఎలా కదిలిస్తుందో డాక్టర్లు ఏదో ఒకనాటికి పూర్తిగా తేలుస్తారు, ఆ సంగతిలో నాకు అనుమానం లేదు. అప్పట్లో మా ఇద్దరిలో ఎవరిది సరైన మాటో తేల్చాలని తహతహలాడేవాణ్ణి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ తహతహ నెమ్మదిగా తగ్గిపోతోంది. భయపడుతూనే లేచి, ఆ తీగ విప్పకుండానే పెద్దాయన డ్యూటీకి బయలుదేరిన ఆ పొద్దులు మాత్రం, నావి కాకపోయినా, నాకు అంతకంతకూ దగ్గరవుతున్నాయి.