స్తూపం మీద నాలుగో పేరు

పాతపట్నం దాటి ఒడిశా వైపు వెళ్తుంటే తుంబవలస మలుపులో ఎర్ర స్తూపం ఒకటి కనిపిస్తుంది. దాని మీద ఏడు పేర్లున్నాయి. నాలుగోది కామ్రేడ్ కొర్ల గురమ్మ. ఏటా కార్తీకంలో జరిగే సంస్మరణ సభకి వచ్చినవాళ్లందరికీ అన్నం వండి వడ్డించేది కూడా ఆ గురమ్మే.

షావుకార్ల భూముల మీద రైతుకూలీలు తిరగబడ్డ రోజుల్లో, పదిహేడేళ్ల గురమ్మ ఇంట్లో చెప్పకుండా దళంలో కలిసిపోయింది. ఏడాదిపైగా కొండల్లో తుపాకీ మోసింది. పేల్చింది మాత్రం ఒక్కసారే, అదీ పోలీసనుకుని అడవిపంది మీద. తర్వాత మలేరియా పట్టుకుంటే దళంవాళ్లు సరిహద్దు దాటించి పర్లాకిమిడిలో ఒక ఒడియా ముసలమ్మ ఇంట్లో వదిలి వచ్చారు. ఆ తర్వాత కొద్ది రోజులకే కొండ మీద కాల్పులు జరిగాయి. దళంలో ఒక్కరూ మిగల్లేదు. చనిపోయినవాళ్లలో ఒక ఆడపిల్ల ఉంది. ఆ దళంలో ఆడపిల్లంటే గురమ్మేనని పోలీసులూ అనుకున్నారు, పార్టీవాళ్లూ అనుకున్నారు.

గురమ్మ పర్లాకిమిడి రైసు మిల్లులో ధాన్యం ఉడకబెడుతూ ఉండిపోయింది. ఎమర్జెన్సీ ఎత్తేశారని విని ఊరికి తిరిగొచ్చేసరికి, ఆమెకంటే ముందే జైలు నుంచి వచ్చిన పార్టీ నాయకుడు జగన్నాధం స్తూపం కట్టించేశాడు. రంగు ఇంకా ఆరలేదు.

"అన్నా, నాను బతికే ఉన్నాను" అంది గురమ్మ.

జగన్నాధం ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాడు. టీ తెప్పించాడు. టీ తాగాక కాస్త ఇబ్బందిగా కదిలాడు.

"పేరు సెక్కించేసినాం గదమ్మా. ఇప్పుడు సెరిపేస్తే మిగతా ఆరుగురూ ఉత్తుత్తినే సచ్చిపోనారంటారు."

"మరి నానేటి సెయ్యాల?"

"నువ్వు సెయ్యడానికేటున్నాది? నీ మీద పాట కూడా కట్టేసినాం."

గురమ్మ వాదించలేదు. సూరయ్య అనే రైతుని పెళ్లి చేసుకుంది. సభ జరిగినప్పుడల్లా అమరుల కుటుంబాలకి శాలువాలు కప్పేవారు. కామ్రేడ్ గురమ్మ తరఫున అందుకోడానికి ఎవరూ లేరు కాబట్టి గురమ్మనే పిలిచేవారు. కొన్నాళ్లకి సూరయ్యని కూడా అమరురాలి భర్తగా ముందు వరసలో కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. అతను పెళ్లాం పక్కనే కూర్చుని, ఆమె త్యాగం గురించి విని, కళ్లు తుడుచుకునేవాడు.

ఇలా ముప్ఫై అయిదేళ్లు గడిచాక నీళ్ల గొడవ వచ్చింది. ఊరికని మంజూరైన బోరు కాంట్రాక్టరు గిరిబాబు ప్రహరీ లోపల పడింది. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని అతని గేటు ముందు నిలబడాల్సి వచ్చేది. గురమ్మ వెళ్లి అడిగింది.

"నన్నడుగుతావేటి? ప్రెసిడెంటునడుగు" అన్నాడు గిరిబాబు.

"ఇప్పుడు ప్రెసిడెంటెవలు?"

"ఎవలూ లేరు. ఎలక్షన్లొస్తే మా ఆవిడ అవుతాది."

రెండు వేల పదమూడులో ఎలక్షన్లు వచ్చాయి. సీటు ఆడవాళ్లకి రిజర్వయింది. గిరిబాబు భార్య ధనలక్ష్మి నామినేషన్ వేసింది. ఆ మర్నాడు గురమ్మ కూడా వేసింది.

పరిశీలన రోజున గిరిబాబు స్తూపం ఫొటో తీసుకొచ్చి ఎన్నికల అధికారి ముందు పెట్టాడు. ఈ అభ్యర్థి చనిపోయింది, నామినేషన్ చెల్లదు అన్నాడు. అధికారి ఫొటో చూశాడు. గురమ్మని చూశాడు. ఉద్యోగంలో కొత్తవాడు. భయపడ్డాడు.

"అమ్మా, మీరు బతికే ఉన్నారా?"

"ఉన్నాను బావూ."

"ఎవరైనా చెప్పేవాళ్లున్నారా?"

సూరయ్య లేచాడు. భర్త సాక్ష్యం పనికిరాదన్నాడు గిరిబాబు. పైగా ఇతను అమరురాలి భర్తగా శాలువాలు పుచ్చుకున్నాడని గుర్తుచేశాడు. సూరయ్య కూర్చున్నాడు. వెనక బల్ల మీద ధనలక్ష్మి విసుక్కుంది.

"సచ్చిపోవడమేటండీ? నిన్న పొద్దున్న మా గేటు కాడ నన్ను నానా తిట్లూ తిట్టి ఎల్లింది గదా!"

నామినేషన్ చెల్లింది. ఆ సాయంత్రం గిరిబాబు భార్యతో మాట్లాడలేదు.

గురమ్మకి ఎన్నికల గుర్తుగా ఉంగరం వచ్చింది. ఇంతలో జగన్నాధం కోపంతో రగిలిపోయాడు. వాళ్ల పార్టీ ఎన్నికలని బహిష్కరించింది. ఆటోకి మైకు కట్టించుకుని ఊరంతా తిరిగాడు.

"అమరురాలు కామ్రేడ్ గురమ్మ ఆశయాలకు ద్రోహం చేస్తున్న గురమ్మను ఓడించండి!"

రెండోరోజు పార్టీలో తగువొచ్చింది. ఓడించాలంటే జనం ఓటెయ్యాలి, ఓటెయ్యమనడం బహిష్కరణకి విరుద్ధం. అందుకని నినాదం మార్చారు: "గురమ్మకు ఓటు వెయ్యకండి! ధనలక్ష్మికీ వెయ్యకండి! కామ్రేడ్ గురమ్మకు జోహార్లు!" మధ్యాహ్నం ఎండకి జగన్నాధానికి కళ్లు తిరిగాయి. ఆటో గురమ్మ ఇంటి ముందే ఆగింది. ఆమె కాళ్లకి నీళ్లిచ్చి, చోడి అంబలి పోసింది.

"ఉంగరమేటే గురమ్మా? ఆస్తి గుర్తు అది. కొడవలి అడగలేకపోనావా?"

"అడిగితే ఇస్తారేటి అన్నా? కత్తెర కూడా ఉన్నాదంట గానీ నాకు రాలేదు. ఇంకొంచెం పోసుకో."

అంబలి తాగి, మూతి తుడుచుకుని, ఆటో ఎక్కి మళ్లీ ఆమెను తిట్టాడు. ఓటెయ్యకండన్నా సరే, పొద్దస్తమానం వినపడిన పేరు గురమ్మదే. ఆమె గెలిచింది.

బోరుని ఎత్తి ఇంకోచోట పెట్టడం కుదరదు కాబట్టి గోడని తీయించాలని పంచాయతీ తీర్మానించింది. కొలిపిస్తే ప్రహరీ మూడు వైపులా ఊరి స్థలంలోనే ఉందని తేలింది. మూడు వైపులా గోడ కొట్టేశారు. నాలుగో వైపు గేటు మాత్రం మిగిలింది. ఆడవాళ్లు ఎటు తోస్తే అటు నుంచి వచ్చి నీళ్లు పట్టుకునేవారు. గిరిబాబు రోజూ సాయంత్రం ఆ గేటుకి తాళం వేసుకునేవాడు.

ఆ ఏడాది కార్తీకంలో సభకి పంచాయతీ అనుమతి కావాలన్నారు పోలీసులు. గురమ్మ తన సంస్మరణ సభకి తానే అనుమతి ఇచ్చింది. ప్రభుత్వం మనిషివి కాబట్టి వేదిక ఎక్కడానికి వీల్లేదన్నాడు జగన్నాధం. అమరుల కుటుంబాల వరసలోనే కూర్చుంది.

శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్ర వక్త ఆవేశంగా అన్నాడు: "ఈరోజు కామ్రేడ్ గురమ్మ బతికుంటే ఈ పదవుల్ని కాలదన్నేది!"

గురమ్మ లేచి నిలబడింది. పోలీసులు కూడా లేచారు.

"ఒక్క మాట బావూ. ఆ రోజు కొండ మీద సచ్చిపోన పిల్ల ఎవలో మీకెవలికైనా తెలుసా?"

ఆమె స్తూపం వైపు చెయ్యి చూపించింది.

"నాను జ్వరంతో ఎల్లిపోనాక దళంలోకి కొత్తగా వచ్చుంటాది. నా తుపాకీయే దానికిచ్చుంటారు. ఏ ఊరో, ఎవలి పిల్లో. వాళ్లమ్మ ఎన్నాళ్లు ఎదురుసూసిందో." కొంగుతో ముఖం ఒత్తుకుంది. "పేరు సెరిపెయ్యమని ఇన్నాళ్లూ నానందుకే గట్టిగా అడగలేదు. దానికి పేరు లేదు. నాది వాడుకోనీండి. నాకు ప్రెసిడెంటని ఇంకో పేరు వొచ్చింది గదా."

కుర్ర వక్త మైకు జగన్నాధానికి ఇచ్చేశాడు. అతను కామ్రేడ్ గురమ్మ మీద కట్టిన పాట ఎత్తుకోమన్నాడు. రెండో చరణం ఎవరికీ గుర్తులేకపోతే గురమ్మే అందించింది.

రెండు వేల పద్దెనిమిదిలో ఆమె పదవీకాలం అయిపోయింది. మళ్లీ ఎలక్షన్లు పెట్టలేదు. ప్రత్యేకాధికారి అని ఒకాయన్ని వేశారుగానీ, ఆయన్ని తుంబవలసలో చూసినవాళ్లు లేరు. అంతలో తిత్లీ తుపాను వచ్చింది. జీడితోటలు నేలకొరిగాయి, కరెంటు పోయింది, దారులు మూసుకుపోయాయి. గురమ్మ వెళ్లి ధనలక్ష్మిని పిలిచింది.

"ఒసే, మీ పెళ్లిళ్ల గుండిగ తియ్యే."

"బియ్యమెవలిస్తారు?"

"మీ ఆయన."

గిరిబాబు ఇచ్చాడు. బడిలో పొయ్యి పెట్టి ఊరందరికీ వండారు. దారి బాగయ్యాక బురద బూట్లతో ప్రత్యేకాధికారి వచ్చాడు. జేబులోంచి పెన్ను తీసి, ఇక్కడ బాధ్యులెవరని అడిగాడు. వరసలో కంచం పట్టుకుని నిలబడ్డ జగన్నాధంతో సహా అందరూ గురమ్మ వైపు చూశారు.

ఆమె గరిటెతో కాస్త పప్పు తీసి ఆయన చేతిలో వేసింది.

"ఉప్పు సరిపోనాదో లేదో సూడు బావూ. తరవాత రాసుకుందువు."