అరగదీసిన పేరు

రోజూ దేవుడికి దీపం పెడతాను గాని, ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే లేచి పనిలోకి పోయే మనిషిని. ఇప్పటికీ అంతే. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు ఎటూ తేలదు.

అన్నల కాలం అది, ఊళ్లలో నక్సలైట్లు తిరిగే రోజులు. సిరిసిల్లలో మాకు నాలుగు మరమగ్గాలు ఉండేవి. నాకేమో పాత వడ్డన సామాను అంటే పిచ్చి. భయపడి ఊళ్లు విడిచినవాళ్లు అమ్మేసిన గిన్నెలు జగిత్యాల, కోరుట్ల దుకాణాలకు చేరేవి. కోరుట్లలో నీలిపూల పింగాణీ గిన్నెలు ఐదు దొరికాయి. కొండగట్టుకు పోయి వస్తూ, వాటికి సరిపోయే రాగి పళ్ళెం జగిత్యాలలో కొన్నాను. పళ్ళెం చుట్టూ గిన్నెలు ఐదూ కూర్చునేవి, పళ్ళెంలో అన్నం.

"మనం బట్ట నేసెటోళ్లమా, గిన్నెలు అమ్మెటోళ్లమా?" అని మా ఆయన ఎగతాళి చేసేవారు. తినేది మాత్రం అందులోనే.

మా దగ్గర పిల్లవాడు పుడితే మేనమామ పెట్టే పళ్ళెం మీద వాడి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టిస్తారు. ఈ పళ్ళెం అంచున పేరు లేదు. ఆకురాయితో అరగదీసిన నున్నటి జాగా ఉంది, అంతే.

ఒక మంగళవారం పొద్దున చింతపండుతో తోముతుంటే ఆ జాగాలో వేలికి చుక్కలు తగిలాయి. నేను బడికి పోలేదు. మా బాపే పళ్ళెంలో బియ్యం పోసి, వేలు పట్టి అక్షరాలు దిద్దించారు. కంటికన్నా ముందు నా వేలే చదివింది. చి. సాయిలు.

మా ఆయన్ని పిలిచాను. చూడగానే ఆయన ముఖం మారింది.

"ఎవల పేరో ఏందో! గా పోరడు అడవిలకు పోయినోడైతే పోలీసోళ్లకు ఏం జెప్తవు? లోపల పెట్టు."

అప్పటికే రాజవ్వ చూసింది. బుగ్గారం విడిచి వచ్చి మా వాకిట్లో నూలు కండెలు చుట్టే ముసలామె. చదువు రాదు. కొడుకు ఉన్నాడని ఎన్నడూ చెప్పలేదు. పళ్ళెం తీసుకుని అడుగున సొట్ట తడిమింది.

"గిది మా సాయిలుదమ్మా. గీ సొట్ట వాడే జేసిండు, రోట్లె ఏసి. అన్నలల్ల కలిసిండని పోలీసోళ్లు ఇల్లంత ఎతికిండ్రు. ఫోటో కాలబెట్టిన. పేరు గూడ నేనే తీయించి అమ్మిన. వాడివి ఇంకేం లేవు నా తాన."

ఆమె వేలు పట్టి ఆ చుక్కల మీద నడిపించాను, బాపు నన్ను నడిపించినట్టు. చాలాసేపు. పళ్ళెం ఆమెకే ఇచ్చేశాను. మగ్గం మీది కొత్త గుడ్డ చింపి, మా ఆయనే చుట్టి ఇచ్చారు. ఆ పూట మా ఇద్దరికీ ఆ బుద్ధి పుట్టించిన కొండగట్టు స్వామికి ఈనాటికీ దండం పెట్టుకుంటాను.

మర్నాడు రాజవ్వ పళ్ళెంతో వచ్చింది. అంచున పేరు లేదు. ఎండలో తిప్పి తిప్పి చూశాం. నున్నగా ఉంది.

రాజవ్వ ఏడవలేదు. "పోతే పోనీ తియ్యమ్మా, నాకిప్పుడు రాసుడు అచ్చింది" అంటూ వాకిట్లో కూర్చుని దుమ్ములో వేలితో రాసింది, వంకరగా. చి. సాయిలు.

తర్వాత జగిత్యాలలో ఒక కంచరిని అడిగాను. "ఆకురాయి పెట్టినంక పేరు మళ్ల ఎట్ల అస్తదమ్మా?" అని నవ్వాడు.

సాయిలు కబురు ఏదీ రాలేదు. ఆ పేరును మేం ముగ్గురం చూశాం. అది ఎలా వచ్చిందో, ఎలా పోయిందో ఇప్పటికీ చెప్పలేను. పింగాణీ గిన్నెలు ఐదూ నా దగ్గరే ఉన్నాయి. గుండ్రంగా పేర్చి, మధ్యలో పళ్ళెమంత చోటు వదిలేస్తాను.